అమ్మ తర్వాత ఎవరు?

పోయిన వేసవిలో మా అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరింది. వారం రోజులు ఇంట్లో లేదు. ఆ వారం రోజులూ మా తమ్ముడు సాయంత్రం అయిదయ్యేసరికి సంచీ పట్టుకుని వీధి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ వేళకి అమ్మ పాలప్యాకెట్లకి వెళ్తుంది. వాడు సంచీ పట్టుకుని వెనకాలే నడుస్తాడు. ముప్ఫయ్యేళ్ల అలవాటు అది. "అమ్మ ఆస్పత్రిలో ఉందిరా, నేనొస్తాను పద" అంటే తల అడ్డంగా ఊపేవాడే గానీ కదిలేవాడు కాదు.

ఎదురింటి పిన్నిగారు రెండ్రోజులు చూసింది. మూడో రోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఇప్పుడంటే మీ అమ్మ తిరిగొస్తుంది. రేప్పొద్దున ఆవిడ లేని రోజున వీణ్ణి ఏం చేస్తారమ్మా?"

ఆవిడ చెడ్డగా అడగలేదు. మా ఇంట్లో అందరి మనసులోనూ ఉండి, ఎవరూ పైకి అనని మాటే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. ఇప్పుడు 36 ఏళ్లు. వాడి అక్కగా ఇన్నాళ్లూ నాకు తెలిసింది కొంత, ఈ ఏడాదిగా తిరిగి తెలుసుకున్నది కొంత కలిపి రాస్తున్నాను. ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో మేధో వైకల్యం ఉన్నవాళ్లు 15 లక్షల పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది ఇళ్లల్లో ఆ పని అంతా చూసేది ఒక్క మనిషి. ఆ మనిషి అమ్మ.

చప్పట్లు ఒక్కరోజుకేనా?

2025 జూన్‌లో 'సితారే జమీన్ పర్' అనే హిందీ సినిమా వచ్చింది. 2018 నాటి స్పానిష్ సినిమాకి అది రీమేక్. అందులో బాస్కెట్‌బాల్ జట్టుగా నటించిన పదిమందీ నిజజీవితంలోనూ మేధోపరమైన తేడాలు ఉన్నవాళ్లే. వాళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లూ ఉన్నారు. హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లని నేను చూశాను. నేనూ కొట్టాను. అలాగే ఏటా మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం జరుపుతున్నారు. 21వ క్రోమోజోము రెండుకి బదులు మూడు ఉండటం దీనికి కారణం గనక మూడో నెల 21వ తేదీని ఎంచుకున్నారు. ఐక్యరాజ్య సమితి 2012 నుంచి దీన్ని అధికారికంగా పాటిస్తోంది. ఆ రోజు జత కుదరని రంగురంగుల సాక్సులు వేసుకుని ఫోటోలు దిగుతారు. మంచిదే. పదిమందికీ తెలుస్తుంది.

నా బాధల్లా మార్చి 22వ తేదీ గురించే. ఆ రోజు స్పెషల్ స్కూలుకి తీసుకెళ్లే ఆటో రాకపోతే ఎవరు తీసుకెళ్తారు? తల్లికి జ్వరమొస్తే ఎవరు స్నానం చేయిస్తారు? ఆవిడ పక్క ఊళ్లో పెళ్లికి వెళ్లాలంటే రెండ్రోజులు ఎవరు చూస్తారు? సంఘం అండ అంటే ఈ చిన్న ప్రశ్నలకి జవాబు దొరకడమే.

ఆయుష్షు పెరిగింది, ఏర్పాటు పెరగలేదు

మా తమ్ముడు పుట్టినప్పుడు డాక్టరుగారు నాన్నని పక్కకి పిలిచి, "ఎక్కువ ఆశలు పెట్టుకోకండి, ఇలాంటి పిల్లలు ఎన్నాళ్లో ఉండరు" అన్నారట. అది ఆ రోజుల్లో నిజమే. అమెరికాలో సైతం 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లే. ఇప్పుడు అక్కడ 60 దాకా వచ్చింది. ఈ పిల్లల్లో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. దాన్ని పసితనంలోనే సరిచేసే ఆపరేషన్లు వచ్చాయి. థైరాయిడ్ తక్కువైతే మాత్ర ఉంది. అంటువ్యాధులకి మందులున్నాయి.

అంటే వైద్యం తన పని తాను చేసింది. మనమే లెక్క మార్చుకోలేదు. "అమ్మ ఉన్నన్నాళ్లు వీడుంటాడు" అన్న పాత లెక్కలోనే ఇంకా ఉన్నాం. ఇప్పుడు తల్లి వెళ్లిపోయాక ఇరవై, ముప్ఫై ఏళ్లు బతకాల్సిన బిడ్డలు వీళ్లు. పైగా వీళ్లకి ముసలితనం తొందరగా వస్తుంది. నలభై దాటాక మతిమరుపు జబ్బు, అదే ఆల్జీమర్స్, వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. తల్లికి డెబ్బై వచ్చి మోకాళ్లు వంగని రోజుల్లోనే బిడ్డ కూడా ముసలివాడు కావడం మొదలవుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు, ఒకరికొకరు ఆసరా!

పూర్వం ఈ భారం ఉమ్మడి కుటుంబంలో నలుగురి మీద పడేది. మా నాయనమ్మ కథ చెబుతూ అన్నం పెట్టేది, బాబాయి జుట్టు కత్తిరించుకురావడానికి తీసుకెళ్లేవాడు. ఇప్పుడు నాయనమ్మ లేదు, బాబాయిగారి పిల్లలు అమెరికాలో ఉన్నారు, నేను పెళ్లయి వేరే ఊళ్లో ఉన్నాను. మిగిలింది అమ్మ.

ముందు నింద దించండి

ఇంటి చుట్టూ మనుషులు తగ్గడానికి ఇంకో కారణం ఉంది. అది నింద. మా అమ్మ విన్న మాటలు ఇన్నీ అన్నీ కావు. "గ్రహణం రోజు బయటికి వెళ్లి ఉంటుంది", "మేనరికం చేసుకుంటే ఇంతే", "ఏ జన్మ పాపమో." మా అమ్మానాన్నలది మేనరికమే కాదు. అయినా అన్నారు.

డౌన్ సిండ్రోమ్‌కి మేనరికం కారణం కాదు. గ్రహణమూ కాదు, తిండీ కాదు, పాపమూ కాదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోము జత విడిపోవాల్సింది విడిపోకపోవడం వల్ల ఒకటి అదనంగా వస్తుంది. నూటికి 95 మంది పిల్లల్లో జరిగేది ఇదే. నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రం ఆ క్రోమోజోము ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. అలాంటి సందర్భాల్లో కొన్నిసార్లు అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండొచ్చు గనక రెండో కాన్పుకి ముందు పరీక్ష చేయించుకోమంటారు. తల్లి వయసు 35 దాటితే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ కాన్పులు ఎక్కువగా చిన్న వయసులోనే జరుగుతాయి కాబట్టి ఈ పిల్లల్లో ఎక్కువమంది చిన్నవయసు తల్లులకే పుడుతున్నారు.

ఈ లక్షణాలని 1866లో వివరించిన ఇంగ్లీషు డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్. అసలు కారణం క్రోమోజోము అని ఫ్రాన్సులో తేలింది 1959లో. అంటే "తల్లి తప్పు కాదు" అని తేలి అరవై ఏళ్లు దాటింది. ఆ సంగతి మన అరుగుల మీదకి ఇంకా చేరలేదు.

నింద ఉన్న చోట తల్లి తలుపులు వేసుకుంటుంది. పేరంటానికి పోదు, పెళ్లికి పోదు. బిడ్డ నలుగురి కంటా పడడు. కంటబడని బిడ్డకి అండగా నిలబడేదెవరు?

కాగితాలు మెండు, చేరేది కొంచెం

మనకి చట్టాలు లేవని అనలేం. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన కొత్త చట్టంలో వాటిని 21 చేశారు. అది 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువు చెప్పాలి. దగ్గర్లో ఉన్న మామూలు బడా, స్పెషల్ స్కూలా అన్నది ఆ కుటుంబం ఇష్టం. నలుగురి ఎదుట కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు శిక్ష వెయ్యొచ్చు. "పిచ్చోడు" అని పిలిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్ష చేస్తారు. అందులో చూడాల్సిన 30 రకాల సమస్యల్లో డౌన్ సిండ్రోమ్ ఒకటి. ఆ పిల్లలకి వైద్యం, ఫిజియోథెరపీ, మాటలు నేర్పడం వంటి వాటికి జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రాలు ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. జాతీయ ట్రస్టు వారి 'నిరామయ' ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు లేకుండానే ఇస్తారు. తోడు లేకుండా వెళ్లలేని వాళ్లకి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్ల మీద 75 శాతం రాయితీ ఉంది. తోడు వచ్చేవాళ్లకీ అంతే.

ఇన్ని ఉన్నాయి సరే, వీటన్నిటికీ తిరగాల్సింది ఎవరు? సదరం క్యాంపుకి, మండల ఆఫీసుకి, బ్యాంకుకి, ఆస్పత్రికి బిడ్డ చెయ్యి పట్టుకుని వరసలో నిలబడేది అమ్మే. ఉద్యోగం చేసే తల్లి అయితే ఎన్నిసార్లు సెలవు పెట్టగలదు? 2024 ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌కి చెందిన ఒక ప్రభుత్వ కాలేజీ అధ్యాపకురాలి కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. వైకల్యం ఉన్న కొడుకుని చూసుకోవడానికి ఆవిడకి శిశు సంరక్షణ సెలవు ఇవ్వలేదు. ఇలాంటి తల్లులకి ఆ సెలవు ఉండాల్సిందేనని, మహిళలు ఉద్యోగాల్లో కొనసాగడం రాజ్యాంగపరమైన బాధ్యత అని కోర్టు చెప్పింది. ఆవిడ ప్రభుత్వోద్యోగి కాబట్టి కోర్టు దాకా వెళ్లగలిగింది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ, బట్టల షాపులో పనిచేసే అమ్మాయి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎక్కువమంది ఉద్యోగం మానేస్తారు. మా అమ్మ కూడా అలాగే మానేసింది.

పద్దెనిమిది నిండిన నాడు

మనలో చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. బిడ్డకి 18 నిండితే చట్టం దృష్టిలో అతను పెద్దవాడు. తల్లిదండ్రులు అప్పటిదాకా ఉన్నట్టు సహజ సంరక్షకులుగా ఉండరు. మా నాన్న పోయాక తమ్ముడి పేర ఉన్న డిపాజిట్ కోసం అమ్మ బ్యాంకుకి వెళ్తే, "మీరు గార్డియన్ అని కాగితం ఉందా?" అని అడిగారు. "నేను వాడి అమ్మనండీ" అంది. అది చాలదన్నారు. ఇంటికొచ్చి ఏడ్చింది.

దీనికి దారి ఉంది. 1999లో వచ్చిన జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి సంరక్షకుల్ని నియమించే అధికారం జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీది. దానికి కలెక్టరు అధ్యక్షులు. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో ఉంటారు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టుకి పోనక్కర్లేదు. నియమితులైన సంరక్షకులు ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తి వివరాలు ఇవ్వాలి. ఏటా లెక్క చూపించాలి. సరిగ్గా చూడకపోతే, ఆస్తి తినేస్తే కమిటీ తీసేయగలదు.

ఈ లెక్క చూపించే నియమం ఎందుకంత ముఖ్యమో మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. "వాడి వాటా నాకు రాసివ్వండి, నేను చూసుకుంటా" అనే అన్నయ్యలూ బావలూ ఉంటారు. కొందరు నిజంగానే చూస్తారు. కొందరు ఆస్తి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా చూస్తారు. అందుకే నోటిమాట మీద వదిలేయకుండా కాగితం మీద పెట్టుకోవాలి. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన తల్లిదండ్రులైతే, సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకి కుటుంబ పింఛను వచ్చే అవకాశం ఉంటుంది. ఆ బిడ్డ వివరాలు ఆఫీసు రికార్డులో ఎక్కించారో లేదో బతికుండగానే చూసుకోవాలి.

ఆడపిల్ల అయితే

ఆడపిల్ల విషయంలో భయం రెట్టింపు. నెలసరి ఎలా నేర్పాలి, ఒంటరిగా ఎక్కడ వదలాలి, ఎవర్ని నమ్మాలి. 1994లో పుణెలో ఒక ప్రభుత్వ వసతి గృహంలోని మేధో వైకల్యం ఉన్న యువతులకి నెలసరి శుభ్రత కష్టంగా ఉందన్న పేరుతో గర్భసంచులు తీసేశారు. దేశమంతా మహిళా సంఘాలు గగ్గోలు పెట్టాయి. సంరక్షణ భారమైతే ఆడపిల్ల ఒంటిని కోసెయ్యడమే సులువనుకున్నారు. ఆ ఆలోచన ఇంకా పూర్తిగా పోలేదు. "ఆపరేషన్ చేయించెయ్యకూడదూ" అని చుట్టాలే సలహా ఇస్తారు.

నిజానికి బొమ్మలతో, రోజూ ఒకే పద్ధతిలో, ఓపిగ్గా నేర్పితే చాలామంది ఆడపిల్లలు తమ పని తాము చేసుకోగలుగుతారు. ఎవరు ఎక్కడ తాకకూడదో, తాకితే ఎవరికి చెప్పాలో కూడా నేర్పాలి. పసిపిల్లల మీద అఘాయిత్యాల చట్టం, 2012లో వచ్చిన పోక్సో, బిడ్డ వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసిన నేరాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. కానీ చట్టం నేరం జరిగాక వస్తుంది. ముందు కాపలా కాసేది పొరుగింటి కళ్లే.

తల్లులు కలిస్తే ఏమవుతుంది?

ఇప్పుడు కాస్త ధైర్యం చెప్పే మాట. 1999 చట్టం ఢిల్లీలో ఎవరికో దయ పుట్టి రాలేదు. "మా తర్వాత ఎవరు?" అని తల్లిదండ్రులు ఊరూరా సంఘాలు కట్టి అడిగారు. 1995లో ఆ సంఘాలన్నీ కలిసి 'పరివార్' అనే జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. మద్రాసులో సురేఖా రామచంద్రన్ గారు తన కూతురికి డౌన్ సిండ్రోమ్ అని తెలిశాక సొంతంగా నేర్చుకుని, ఇతర తల్లులకి నేర్పుతూ సంఘం నడిపారు. మన సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు నీపిడ్. తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వడం దాని పనుల్లో ఒకటి.

ఊళ్లో నలుగురు తల్లులు కలిసినా చాలు. ఒకరోజు ఒకరింట్లో పిల్లలందరూ ఉంటే మిగతా ముగ్గురికీ ఊపిరి ఆడుతుంది. నాలుగేళ్ల బిడ్డ తల్లికి పదిహేనేళ్ల బిడ్డ తల్లి చెప్పే సలహా ఏ పుస్తకంలోనూ దొరకదు. కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి అలాంటి తల్లి ఒకరు వెళ్లి పక్కన కూర్చుంటే, "నా బతుకు అయిపోయింది" అనుకుంటున్న ఆ పిల్లకి రేపు కనిపిస్తుంది.

పని కూడా అండే. మేధో వైకల్యం, ఆటిజం వంటివాటికి ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్‌లో వాటా ఉంది గానీ అది అందేది కొద్దిమందికే. బయట కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. లెమన్ ట్రీ హోటళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు పనిచేస్తున్నారు. 2017లో మొదలైన మిట్టి కేఫ్‌లలో వైకల్యం ఉన్నవాళ్లే టీ కాఫీలు అందిస్తారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనే ఒకటి తెరిచారు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆమెది డౌన్ సిండ్రోమ్ కాదు, మేధో వైకల్యం. చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి చేశారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. పతకం వచ్చాక అందరూ మనమ్మాయే అన్నారు. పరుగెత్తలేని, పతకం తేలేని పిల్లలు కూడా మనపిల్లలే అనగలిగిన నాడు ఊరు మారినట్టు.

మేం మొదలుపెట్టిన పని

అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చాక నేనూ అమ్మా కూర్చుని ఒక రెండొందల పేజీల నోటుబుక్కు రాశాం. తమ్ముడి థైరాయిడ్ మాత్ర ఏ వేళకి, ఏది తింటే పడదు, నొప్పి వస్తే వాడు చెప్పడు గానీ చెవి పట్టుకుంటాడు, కోపమొస్తే కాసేపు ఒంటరిగా వదిలేయాలి, ఏ పాట పెడితే నిద్రపోతాడు. ముప్ఫయ్యారేళ్లుగా అమ్మ బుర్రలో మాత్రమే ఉన్నవన్నీ కాగితం మీదకి వచ్చాయి. సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు, బ్యాంకు పుస్తకం నకళ్లు దానికే కుట్టాం. సంరక్షకులుగా అమ్మతోపాటు నా పేరూ చేర్చమని కలెక్టరాఫీసులో దరఖాస్తు ఇచ్చాం. మా ఆయనకి, అత్తగారికి ముందే చెప్పాను. అత్తగారు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికి కారం తక్కువ కదూ?" అంది. అదే ఆవిడ ఒప్పుకోలు.

అమ్మ కాకుండా ఇంకో ముగ్గురు వాడికి అలవాటు కావాలని నిర్ణయించుకున్నాం. పిన్నిగారిని అడిగితే వెంటనే సరేనంది. మొదట్లో వాడు ఆవిడతో పోలేదు. అమ్మ కుంటుకుంటూ వాకిట్లో నిలబడి చూస్తుంటే నాలుగిళ్లు నడిచాడు. మర్నాడు ఆరిళ్లు. పదిహేను రోజులకి పాలషాపు దాకా వెళ్లాడు. షాపతను ఇప్పుడు చిల్లర వాడి చేతికే ఇస్తున్నాడు.

మీ వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఆ తలుపు మూసే ఉంటుంది. జాలిమాటలు వద్దు, దేవుడి బిడ్డ అని దణ్ణాలూ వద్దు. "అక్కయ్యా, గంటసేపు నేను చూస్తాను, నువ్వు బజారుకి వెళ్లిరా" అనండి. పుట్టినరోజుకి పిల్లల్ని పిలిచేటప్పుడు ఆ బిడ్డనీ పిలవండి. మీ పిల్లలు "వీడెందుకిలా ఉన్నాడు?" అంటే గద్దించకుండా జవాబు చెప్పండి.

పిన్నిగారి ప్రశ్నకి పూర్తి జవాబు ఇంకా నా దగ్గర లేదు. తల్లిదండ్రులు లేనివాళ్లు పదిమంది కలిసి ఉండే మంచి వసతి గృహాలు మన జిల్లాల్లో రావాలి. జాతీయ ట్రస్టు 'సమర్థ్', 'ఘరౌందా' పథకాలు ఉన్నది అందుకే. అవి ప్రతి జిల్లాలో నడిచేలా అడగాల్సింది మనమే. అందాకా, సాయంత్రం అయిదయ్యేసరికి వాడి వెంట నడవడానికి ఇంకో మనిషి ఉంది. ఆ ప్రశ్న అడిగిన ఆవిడే.